ప్రాజెక్టు డైరీ: ఎనిమిది పేజీలకు ఒక నడక

అక్టోబర్ 6, 2025

ఈ మధ్యాహ్నం మాస్టారు ఒక ఫారం, అంటే పుస్తకంలో పదహారు పేజీల కట్ట, తెచ్చి నా బల్ల మీద పెట్టారు. ఏమీ అనలేదు. ఆ పేజీల్లో ఆకుపచ్చ సిరాతో ఆయన పెట్టిన గుర్తులు ఇరవై మూడు. నేను ఎర్ర సిరాతో దిద్ది, చివరి పేజీ కింద పొడి సంతకం చేసి పంపిన తరువాత కూడా మిగిలిపోయిన తప్పులవి. ఆయన నాలుగు మాటలు అని ఉంటే కొంత తేలికపడేదాన్ని.

పని ఏమిటో చెబితే గాని ఈ డైరీ అర్థం కాదు. విజయవాడలో ఏలూరు రోడ్డు పక్క సందులో ఒక ప్రచురణ సంస్థలో పందొమ్మిదేళ్లుగా ప్రూఫులు దిద్దుతున్నాను. మొదటి ప్రూఫు నాది, రెండోది మాస్టారిది. హైస్కూల్లో తెలుగు చెప్పి పదవీ విరమణ చేసిన మనిషి, వయసు డెబ్బై ఒకటి. మా ఊళ్లో 1989లో మొదలైన పుస్తక మహోత్సవం ఏటా జనవరి మొదట్లో జరుగుతుంది. పుస్తకాలన్నీ దానికి అందాలి కాబట్టి అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా మాకు ఊపిరి ఆడదు. ఈసారి తొమ్మిది పుస్తకాలున్నాయి.

ప్రూఫు చదవడమంటే అర్థం కోసం చదవడం కాదు, అక్షరాల కోసం చదవడం. ‘థ’లో చుక్క ఉందా లేదా, ఒత్తు సరైన అక్షరం కిందే పడిందా, ఫాంటు మార్పిడిలో పొల్లు ఎగిరిపోయిందా అని చూస్తూ పోవాలి. బుర్ర అలసిపోగానే అది అక్షరాలను వదిలేసి అర్థం చదవడం మొదలుపెడుతుంది. అర్థం తెలిశాక లేని ఒత్తు కూడా ఉన్నట్టే కనబడుతుంది. ఈ మధ్య మూడు గంటలు దాటాక నాకు జరుగుతున్నది ఇదే. ఒకే వాక్యం మూడుసార్లు చదువుతాను, మూడుసార్లూ బాగానే ఉన్నట్టు తోస్తుంది.

పొద్దున తొమ్మిదిన్నరకు కూర్చుంటే భోజనానికి తప్ప లేవను. మెడ పట్టేస్తుంది, కళ్లు మండుతాయి, ఇంటికి వెళ్లాక ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాదు. పని మధ్యలో కాసేపు నడిస్తే బాగుంటుందని అందరూ చెప్పేదే. ఊరికే నమ్మకుండా లెక్క తీద్దామనిపించింది. నా పనికి ఆ సౌకర్యం ఉంది. నా ఏకాగ్రత ఎంతో మాస్టారి ఆకుపచ్చ సిరా ప్రతి ఫారంలోనూ చూపిస్తుంది.

లెక్క ఇలా. నేను పట్టినవి, మాస్టారు పట్టినవి కలిపితే ఆ ఫారంలోని మొత్తం తప్పులు. అందులో నేను వదిలేసినవి నూటికి ఎన్ని? మొదటి వారం ఏమీ మార్చకుండా ఎప్పటిలాగే కూర్చుని చదువుతాను. అలసట తెలిసినప్పుడల్లా ఆ పంక్తి పక్కన పెన్సిలుతో చిన్న నక్షత్రం గుర్తు పెడతాను.

అక్టోబర్ 14

ఆరు పనిదినాలు, 16 ఫారాలు. మొత్తం తప్పులు 1,312. నేను వదిలేసినవి 118, అంటే నూటికి తొమ్మిది. మొదటి ఎనిమిది పేజీల్లో 41, తరువాతి ఎనిమిదింటిలో 77.

ఈ చివరి రెండు అంకెలు చూసి చాలాసేపు ఊరుకున్నాను. ఒక ఫారం చదవడానికి నాకు రెండు గంటల కంటె కొంచెం తక్కువ పడుతుంది. అంటే గంట దాటగానే నేను వదిలేసే తప్పులు దాదాపు రెట్టింపవుతున్నాయి, ఆ సంగతి నాకు తెలియడం లేదు.

రేపటి నుంచి నడక. నియమం ఒకటే: అలసటగా అనిపిస్తే లేచి పది నిమిషాలు నడిచి రావాలి.

అక్టోబర్ 21

దీపావళి ముందు ఐదు రోజులు నడిచాను. అలసట తెలియగానే లేచి, బీసెంట్ రోడ్డులో ఆ చివరి దాకా వెళ్లి వెనక్కి రావడం. చేతిలో ఫోను, చెవిలో వార్తలు. 13 ఫారాలు, 1,046 తప్పులు, వదిలేసినవి 89. నూటికి ఎనిమిదిన్నర. తేడా ఏమీ లేదనే చెప్పాలి. కాళ్లు తేలికపడ్డాయి, మెడ నొప్పి కొంత తగ్గింది. కాని నా ప్రశ్న అది కాదు.

నిరాశగానే పాత కట్టలు తీసి, నా నక్షత్రాల పక్కన మాస్టారి ఆకుపచ్చ గుర్తులు పెట్టి చూశాను. అప్పుడు తెలిసింది. వదిలేసిన తప్పులు నక్షత్రం తరువాత పేరుకోలేదు. నక్షత్రానికి మూడు నాలుగు పేజీల ముందు నుంచే గుంపుకట్టి ఉన్నాయి. ఒకటి రెండు ఫారాల్లో కాదు, తీసిన ప్రతి కట్టలోనూ దాదాపు ఇదే వరస. నేను అలసిపోయానని నాకు తెలిసేసరికి అరగంటగా తప్పులు వదిలేస్తూనే ఉన్నాను.

కాబట్టి నా నియమమే తప్పు. దాహం వేశాక నీళ్లు తాగినట్టు, అలసట వేశాక లేవడం ఈ పనికి సరిపోదు. ఒళ్లు చెప్పేదాకా ఆగకూడదు. పేజీల లెక్కన లేవాలి.

ఎనిమిది పేజీలకు ఒకసారి అని నిర్ణయించాను. గడియారం పెట్టుకుంటే వాక్యం మధ్యలో మోగి చికాకు పుట్టిస్తుంది, నేను దాన్ని నొక్కేసి మళ్లీ చదువుకుంటాను. డీటీపీ (కంప్యూటరులో పేజీలు కూర్చే పని) చేసే అమ్మాయిని అడిగితే ఒక ఉపాయం చెప్పింది. “అక్కా, ఎనిమిదో పేజీ తరువాత ఒక రంగు కాగితం పెట్టి ఇస్తాను. అది కనబడగానే లేవండి” అంది. ఇప్పుడు నా ప్రతి ఫారం మధ్యలో ఏమీ రాయని ఒక పసుపు కాగితం వస్తున్నది.

అక్టోబర్ 27

చాలా కష్టమైన వారం. పసుపు కాగితం వచ్చేసరికి అలసట ఉండదు, చదువు జోరుగా సాగుతుంటుంది. ఇప్పుడెందుకు లేవడం, ఇంకో నాలుగు పేజీలు అయ్యాక చూద్దాం అని మనసు బేరమాడుతుంది. లేస్తే పని ఎగ్గొట్టినట్టు ఒక జంకు. పందొమ్మిదేళ్లుగా కదలకుండా కూర్చోవడమే శ్రద్ధ అనుకున్నదాన్ని. ఆ అలవాటు ఒక్క వారంలో పోదు.

అయినా లేచాను. 15 ఫారాలు, 1,190 తప్పులు, వదిలేసినవి 74. నూటికి ఆరు పైచిలుకు.

ఈ అంకె వేసుకున్నాక ఇంకోసారి కూడి చూశాను. మళ్లీ అదే వచ్చింది.

ఒక విషయం దాచకూడదు. వారానికి 16 ఫారాల నుంచి 15కి పడిపోయాను. ఒక ఫారం తగ్గింది.

అక్టోబర్ 29

మొంథా తుఫాను వల్ల నిన్న ఆఫీసు లేదు. ఈ రోజు తెరిచారు గాని సందంతా నీళ్లు. బయటికి వెళ్లే వీలు లేక మా రెండో అంతస్తు వరండాలోనే నడిచాను. ఒక చివరి నుంచి ఇంకో చివరికి ఇరవై రెండు అడుగులు. పది నిమిషాలు అటూ ఇటూ తిరిగితే మొదట విసుగు వేసింది, తరువాత వాన చప్పుడు వింటూ అడుగులు లెక్కపెట్టడం మానేశాను. తిరిగి కూర్చున్నప్పుడు చూపు శుభ్రంగా ఉంది.

బీసెంట్ రోడ్డు నుంచి తిరిగి వచ్చినప్పుడు ఎప్పుడూ ఇలా అనిపించలేదు. ఎందుకు?

సాయంత్రం మాస్టారితో ఈ మాట అంటే ఆయన ఒక చిన్న విషయం చెప్పారు. “నేను బీసెంట్ రోడ్డులో నడవలేనమ్మా. ప్రతి బోర్డులోనూ ఒక తప్పుంటుంది. దిద్దకుండా దాటలేను.”

నేనూ అదే చేస్తున్నాను. చీరల దుకాణం బోర్డులో ‘శ’ బదులు ‘స’, చెప్పుల దుకాణం గాజు మీద ఎగిరిపోయిన ఒత్తు, బండి మీద అట్టముక్కకు రాసిన ధరల పట్టీ. పది నిమిషాల విశ్రాంతి అనుకుంటూ నేను ఇంకో రెండు పేజీల ప్రూఫు చదివి వస్తున్నాను. ఇక చేతిలో ఫోను సరేసరి, అది నిండా అక్షరాలే.

అక్టోబర్ 30

రాత్రి ఈ విషయం మీద కొంత చదివాను. మిషిగన్ విశ్వవిద్యాలయంలో రేచెల్ కప్లాన్, స్టీఫెన్ కప్లాన్ అనే దంపతులు దీన్ని గురించే ఆలోచించారు. వారి సిద్ధాంతం 1989 నాటికి పూర్తి రూపానికి వచ్చింది. పట్టుబట్టి ఒకచోట నిలిపే ధ్యాస వాడేకొద్దీ తరిగిపోతుంది. దాన్ని మళ్లీ నింపేది నిద్ర ఒక్కటే కాదు. చెట్టు కదలడం, నీరు పారడం, మబ్బు సాగడం లాంటివి కూడా ఆ పని చేస్తాయి. అవి మన చూపును మెల్లగా పట్టుకుంటాయి గాని ఏ పనీ అడగవు. దుకాణాలూ వాహనాలూ ఉన్న వీధి మాత్రం అడుగడుగునా ధ్యాసను అడుగుతూనే ఉంటుంది.

2008లో అదే విశ్వవిద్యాలయంలో మార్క్ బెర్మన్, జాన్ జోనైడ్స్, స్టీఫెన్ కప్లాన్ దీనికి పరీక్ష పెట్టారు. కొందరిని యాన్ ఆర్బర్ పట్టణంలోని వృక్షవనంలో, మరో వారం అదే మనుషులను ఊరి నడిబొడ్డు వీధుల్లో నడిపించారు. నడక ముందూ తరువాతా అంకెలు చెప్పి వాటిని వెనక నుంచి ముందుకు చెప్పమన్నారు. చెట్ల మధ్య నడిచి వచ్చాక బాగా చెప్పగలిగారు. వీధుల్లో నడిచాక అంత మెరుగు కనబడలేదు. అయితే వారు నడిచింది దాదాపు గంట, నాది పది నిమిషాలు. అది నాకూ వర్తిస్తుందని ముందే అనుకోవడం సరికాదు. నా లెక్క నేనే తీసుకోవాలి.

మాకు వృక్షవనం లేదు గాని ఏలూరు కాలువ ఉంది. మా సందు నుంచి నాలుగు నిమిషాల్లో గట్టు మీదికి చేరవచ్చు.

పరీక్ష ఇలా పెట్టుకున్నాను. బిస్కట్ డబ్బాలో 22 చీటీలు, పదకొండింటి మీద ‘కాలువ’, పదకొండింటి మీద ‘బజారు’. ప్రతి ఫారం మొదలుపెట్టే ముందు ఒక చీటీ తీస్తాను. మొదలుపెట్టే ముందూ, మధ్యలో పసుపు కాగితం దగ్గరా ఆ చీటీ చెప్పిన వైపే నడుస్తాను. ఏ ఫారానికి ఏది వచ్చిందో మాస్టారికి చెప్పను. రెండు నడకల్లోనూ ఫోను బల్ల మీదే ఉండాలి.

నవంబర్ 6

లెక్క ఇంకా పూర్తి కాలేదు. ఈ రోజు చూసింది మాత్రం రాసిపెట్టుకోవాలి.

నిన్న కార్తిక పౌర్ణమి. పొద్దున చీటీ ‘కాలువ’ అంది. రాత్రి వదిలిన దీపాల అరటి దొప్పలు గట్టున గుర్రపుడెక్కలో చిక్కుకుని వరసగా ఉన్నాయి. వత్తులు కాలిపోయి నల్లబడ్డాయి. ఒక దొప్ప మీద నీటికాకి వాలబోయి, అది ఒరగడంతో ఎగిరిపోయింది. ఇది చూస్తూ ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. తిరిగి వచ్చి కూర్చుంటే పేజీ మీది అక్షరాలు విడివిడిగా కనబడ్డాయి.

కాలువ గట్టు పార్కు కాదు. చెత్త ఉంటుంది, ఒక్కోచోట ముక్కు మూసుకుని దాటాలి. అయినా నిద్రగన్నేరు చెట్లు నీటి మీదికి వంగి ఉంటాయి, చదవడానికి ఒక్క అక్షరం ఉండదు. ఇంకో లాభం కూడా ఉంది. పొద్దస్తమానం అడుగు దూరంలోని కాగితం చూస్తుంటే కంటిలోపలి కండరం బిగిసి ఉంటుంది, అవతలి గట్టు దాకా చూసినప్పుడే అది సడలుతుంది. బజారులో అంత దూరం చూసే చోటే లేదు.

నవంబర్ 8

22 చీటీలు అయిపోయాయి.

కాలువ: 11 ఫారాలు, 842 తప్పులు, వదిలేసినవి 42. నూటికి ఐదు.

బజారు: 11 ఫారాలు, 861 తప్పులు, వదిలేసినవి 57. నూటికి ఆరున్నర పైన.

పెద్ద తేడా అనలేను. పదకొండు ఫారాలు చాలా చిన్న లెక్క, ఏ రచయిత చేతిరాత ఏ రోజు వచ్చిందన్నది కూడా కలుస్తుంది. కాని బజారు నడక కూడా అసలు నడవని మొదటి వారం కంటె మెరుగే. అంటే లేవడం వల్ల కొంత, అక్షరాలు లేని చోటికి వెళ్లడం వల్ల మరికొంత. నేను కాలువనే ఎంచుకుంటున్నాను.

నవంబర్ 12

మడమ నొప్పి. రోజుకు ఐదారు నడకలు చెప్పులతో కుదరడం లేదు. మా అబ్బాయి పాత బూట్లు సరిపోయాయి, బల్ల కింద పెట్టుకున్నాను. చీర మీద బూట్లేమిటని ఒకరిద్దరు చూశారు. చూడనీ.

నవంబర్ 17

యజమాని గారు పిలిచారు. కోపంగా కాదు, వివరం అడగడానికే. “రోజుకు యాభై నిమిషాలు బయట ఉంటున్నారట” అన్నారు.

నోటుబుక్కు ఆయన ముందు పెట్టాను. వారానికి ఒక ఫారం తగ్గిందని నేనే ముందు చెప్పాను. తరువాత వదిలేసిన తప్పుల అంకె చూపించాను. వదిలేసిన తప్పు ఒక్కొక్కటీ మాస్టారి దగ్గర ఆగి, డీటీపీకి తిరిగి వెళ్లి, మళ్లీ అచ్చయి, మళ్లీ చూడాలి. తప్పులు ఎక్కువైతే మూడో ప్రూఫు తీయాలి. ఈ నెలలో రెండు పుస్తకాలు రెండో ప్రూఫుతోనే ఫైనల్‌కు వెళ్లాయి. ఆ రెండింటికి మూడో ప్రూఫు తీసి ఉంటే పోయే రోజులెన్నో ఆయనకు నాకంటె బాగా తెలుసు. కాసేపు పేజీలు తిప్పి, “మాస్టారిని కూడా తీసుకువెళ్లండి. రోజంతా అలాగే కూర్చుంటారు” అన్నారు.

అడిగాను. మాస్టారికి మధుమేహం ఉంది. తిన్నాక వంద అడుగులు వేయమని మన పెద్దలు చెప్పిందే ఆయనకు గుర్తుకొచ్చింది, ‘భుక్త్వా శతపదం గచ్ఛేత్’ అన్నారు. నేను చదివింది చెప్పాను. 2023లో కొలంబియా విశ్వవిద్యాలయంలో కీత్ డియాజ్ బృందం పదకొండు మందిని రోజుకు ఎనిమిది గంటలు కూర్చోబెట్టి, రకరకాల విరామాలతో నడిపించి చూసింది. అరగంటకు ఐదు నిమిషాల చొప్పున నడిచిన రోజున, భోజనం తరువాత రక్తంలో చక్కెర పెరగడం ఊరికే కూర్చున్న రోజుతో పోలిస్తే 58 శాతం తగ్గింది. పదకొండు మందితో చేసిన చిన్న పరీక్షే. మాస్టారు తన డాక్టరును అడిగి, ఆయన సరే అన్నాకే మొదలుపెడతానన్నారు. అదే మంచిది.

నవంబర్ 27

ఈ పేజీ రాయడానికి మనసు రావడం లేదు. రాయకపోతే డైరీకి అర్థం లేదు.

24 నుంచి 26 దాకా మూడు రోజులు నడవలేదు. రెండు పుస్తకాలు ఒకేసారి వచ్చి పడ్డాయి, ప్రెస్సులో రోజు ఖాయమైపోయింది. పసుపు కాగితం వచ్చినప్పుడల్లా దాన్ని తీసి పక్కన పెట్టి చదువుతూ పోయాను. పని ముంచుకొచ్చినప్పుడు నడక ఏమిటి అనుకున్నాను. సరిగ్గా అప్పుడే అది కావాలని ఆరు వారాలుగా నా చేత్తో నేనే రాసుకుంటున్నాను, అయినా అలా అనుకున్నాను.

అందులో ఒకటి ఆలయ శిల్పాల మీద వ్యాసాల పుస్తకం. ఈ పొద్దున మాస్టారు నన్ను తన బల్ల దగ్గరికి పిలిచి, ఒక అధ్యాయం మొదటి పేజీ తిప్పి చూపించారు. పేజీకి అడ్డంగా పెద్ద అక్షరాలతో శీర్షిక: ‘అర్థనారీశ్వరుడు’. ‘ధ’ ఉండాల్సిన చోట ‘థ’. సగం అనే మాట కాస్తా అర్థం అనే మాట అయిపోయింది. ఆ పేజీలోని చిన్న అక్షరాల తప్పులు తొమ్మిదింటినీ పట్టాను. వేలెడంత శీర్షికలో ఉన్న చుక్కను చూడలేదు.

శీర్షికల్లో తప్పులు తప్పించుకోవడం ఈ వృత్తిలో ఉన్నవారందరికీ తెలిసిందే. పెద్ద అక్షరాలను కన్ను ఒక బొమ్మలా చూసి దాటేస్తుంది. అందుకే శీర్షికలు విడిగా, చివర్లో, అక్షరం అక్షరం చదవాలని కొత్తవారికి నేనే చెబుతాను. అలసిన మనిషి మొదట వదిలేసేది తనకు తెలిసిన పద్ధతినే.

మూడు రోజుల లెక్క: 9 ఫారాలు, 703 తప్పులు, వదిలేసినవి 62. నూటికి దాదాపు తొమ్మిది. మొదటి వారం ఎక్కడ ఉన్నానో అక్కడికే వచ్చాను.

మాస్టారు శీర్షిక దిద్ది, కళ్లజోడు తీసి, “పద, కాలువ దాకా వెళ్లి వద్దాం” అన్నారు. ఆయన నాతో రావడం ఇదే మొదటిసారి. గట్టు మీద ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. ఒక లకుముకి పిట్ట కరెంటు తీగ మీద కూర్చుని నీళ్లలోకి చూస్తున్నది. అది దూకేదాకా ఆగుదామన్నారు మాస్టారు. ఆగాము. అది దూకి, చేప లేకుండానే తిరిగి వచ్చి, అదే చోట మళ్లీ కూర్చుంది.

డిసెంబర్ 4

కొత్త నియమం: పసుపు కాగితం నా చేతిలో ఉండకూడదు. డీటీపీ అమ్మాయి ఇప్పుడు ఎనిమిది పేజీలే ఇస్తున్నది. తక్కిన ఎనిమిది తన దగ్గరే పెట్టుకుంటుంది, నేను నడిచి వచ్చాకే ఇస్తుంది. నా మీద నాకున్న నమ్మకం కంటె ఈ ఏర్పాటు గట్టిది.

డిసెంబర్ 18

ఏడు పుస్తకాలు ప్రెస్సుకు వెళ్లాయి. ఎనిమిదోది మాస్టారి దగ్గర ఉంది. తొమ్మిదోదానిలో ఐదు ఫారాలు మిగిలాయి. కొత్త ఏర్పాటు వచ్చాక 27 ఫారాలు చదివాను: 2,066 తప్పులు, వదిలేసినవి 97. నూటికి ఐదు లోపే.

లెక్కలోకి రానివి కూడా కొన్ని ఉన్నాయి. సాయంత్రం ఇంటికి వెళ్లాక మా అబ్బాయి చెప్పేది పూర్తిగా వినగలుగుతున్నాను. నిద్రలో పేజీలు కనబడడం తగ్గింది. మాస్టారు రోజూ మధ్యాహ్నం భోజనమయ్యాక, మళ్లీ మూడు గంటలకు వస్తున్నారు. మోకాలి వల్ల సగం దారిలో రావి చెట్టు అరుగు దగ్గర ఆగుతారు, నేను గట్టు దాకా వెళ్లి వచ్చేసరికి లేచి నిలబడి ఉంటారు.

మిగిలిన పని: వేసవికి దారి చూసుకోవాలి. ఏప్రిల్‌లో మధ్యాహ్నం పూట విజయవాడ ఎండలో గట్టు మీద నడవడం కుదరదు, అప్పటికి కాలువకు నీళ్లు కూడా ఆపేస్తారు. వరండా ఇరవై రెండు అడుగులే గతి. దాని తూర్పు చివర నిలబడితే పక్క మేడ మీది బోర్డు ఎదురుగా కనబడుతుంది, పడమటి చివర నుంచి వేపచెట్టు కొమ్మలు మాత్రమే. యజమాని గారిని అడిగి తూర్పు వైపు ఒక వెదురు తడిక కట్టించాలి. కొలత తీసుకున్నాను, ఆరడుగులు చాలు.